ఇక్కడ మనుషులు మంచివాళ్లు

మార్లా విష్నెస్కీ రాసిన మెయిల్‌ను టకర్ కాఫీ షాపు వరసలో నిలబడి పైకి చదివాడు. మెల్లగా చదివినా పోయేది. గొంతు పలచగా చేసుకుని, ఆడపిల్లలా సాగదీస్తూ, షాపులో సగం మందికి వినపడేలా చదివాడు.

"'మీరు నడిచిన దారి చూశాకే ఈ రంగంలోకి రావాలన్న ధైర్యం నాకొచ్చింది.' ఇదీ నాకొచ్చింది. గ్రెచెన్, ఇక నీది కానివ్వు."

గ్రెచెన్ తన ఫోన్ పైకెత్తి చదివింది. పొల్లు పోకుండా అదే వాక్యం.

"అయితే మనిద్దరం ఒకే దారిలో నడిచామన్నమాట," అన్నాడు టకర్. "నాకెప్పుడూ చెప్పలేదేం?"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. మార్లా వాళ్లకు ఎదురుగానే నిలబడి ఉంది. రాత్రంతా బస్సులో కూర్చుని బఫెలో నుంచి న్యూయార్క్ వచ్చిన పిల్ల. ఒంటి మీద, వాళ్లమ్మ చావులకూ పెళ్లిళ్లకూ వేసుకునే నల్ల కోటు. బస్ స్టేషన్ బాత్రూంలో మొహం కడుక్కుని, చెప్పాల్సిన మాటలన్నీ అద్దానికి ఒకసారి చెప్పి చూసుకుని వచ్చింది. ఇప్పుడు చెవులు కాలిపోతున్నాయి. నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. గజానికి అంత అద్దె పలికే చోట నేల ఊరికే చీలుతుందా?

ఆ మెయిల్ ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పాలి. ఆల్డెన్ వీల్ బ్యాంకులో డబ్బు వేయడానికీ తీయడానికీ ఎవరూ వెళ్లరు. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనుక్కునేటప్పుడు మధ్యలో కూర్చుని బేరం కుదిర్చే బ్యాంకు అది. ఏటా వేసవిలో కొంతమంది కాలేజీ పిల్లల్ని పనిలో పెట్టుకుంటుంది. ఆ వేసవి అక్కడ కూర్చున్నవాళ్లకే చదువయ్యాక ఉద్యోగం. కూర్చోనివాళ్లు తలకిందులుగా తపస్సు చేసినా తలుపు తెరుచుకోదు. ఆ పిల్లల్ని పేరున్న నాలుగైదు కాలేజీలకు వెళ్లి వాళ్లే ఏరుకుంటారు. మార్లా చదివే సర్కారు కాలేజీకి మాత్రం రారు. బఫెలోలో మంచు ఎక్కువని కాబోలు.

రాని చోటి పిల్లలకు ఒక్కటే సందు. లోపలివాళ్లెవరైనా నీ పేరు చెప్పాలి. చెప్పాలంటే నువ్వు వాళ్లకు తెలియాలి. అందుకని ముక్కూ మొహం తెలియని మనుషులకు మెయిళ్లు రాసి, ఇరవై నిమిషాలు మాట్లాడమని అడుక్కోవాలి. దాన్ని అడుక్కోవడం అనకూడదు, పరిచయాలు పెంచుకోవడం అనాలి. మాట్లాడిన సాయంత్రమే థాంక్స్ చెబుతూ ఇంకో మెయిల్ రాయాలి. ఫోన్ పెట్టేసే ముందు, "ఇంకెవరితో మాట్లాడమంటారు?" అని అడగాలి. ఉద్యోగం కావాలని మాత్రం పొరపాటున కూడా నోరు జారకూడదు. ఆకలేసి గుమ్మంలో నిలబడ్డవాడు, మీ ఇంట్లో వంట ఎలా చేస్తారో తెలుసుకుందామని వచ్చానండీ అనాలి. అదీ అక్కడి మర్యాద.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మార్లాకు వడ్డించేవాళ్లలో చుట్టాలు లేరు. వాళ్లమ్మ డోనా స్కూలు బస్సు నడుపుతుంది. తండ్రి మాట ఆ ఇంట్లో ఎత్తరు. కాలేజీలో మాస్టర్లు లెక్కలు నేర్పారు గాని మనుషుల్ని ఎలా పట్టుకోవాలో నేర్పలేదు, వాళ్లకూ తెలియదు. ఆకులు రాలేటప్పుడు మొదలుపెట్టిన మెయిళ్లు మార్లా మంచు పడేదాకా రాస్తూనే ఉంది.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు," అనేది డోనా, బంగాళాదుంపలు చెక్కుతూ. "నేను నువ్వడక్కముందే పెట్టి పెంచాను. అందుకే నీకు అడగడం రాలేదు. పర్లేదు, అడుగు. కానీ తల దించకు. తల దించుకుని ఎక్కిన పిల్లకి మా బస్సులో చంటి వెధవలు కూడా సీటివ్వరు."

రాసినవాళ్లలో ఎక్కువమంది పలకలేదు. పలికినవాళ్లలో ఆల్డెన్ వీల్ మనుషులు ఆరుగురు. ఆరుగురినీ మార్లా అడిగిన ప్రశ్న ఒకటే, "అక్కడ మీకు బాగా నచ్చేదేంటి?" ఆరుగురూ ఒక్క క్షణం ఆగి, అప్పుడే తట్టినట్టుగా, ఒకే జవాబు చెప్పారు. "మనుషులు. ఇక్కడ మనుషులు మంచివాళ్లు." మొదటిసారి విన్నప్పుడు మార్లా పొంగిపోయి వాళ్లమ్మకు చెప్పింది. మూడోసారికి వాళ్లతో పాటు తనూ లోపల అనుకునేది. ఆరోసారి ఫోన్ పక్కన పెట్టి గిన్నెలు కడుక్కుంది. అంత మంచివాళ్లలో ఒక్కరు కూడా ఆమె పేరు ఎక్కడా చెప్పలేదు. ఒకరు ఇంకొకరి పేరిచ్చారు, ఆ ఇంకొకరు వేరొకరి పేరిచ్చారు. అలా చేతులు మారుతూ వచ్చి ఆఖరికి ఈ ఇద్దరి పేర్లు దొరికాయి, టకర్ వాండివీర్, గ్రెచెన్ హోమ్. విసిగిపోయి ఉంది గనక ఇద్దరికీ ఒకే మెయిల్ రాసింది.

పెద్ద కాలేజీ పిల్లలు ఈ తప్పు చేయరు. వాళ్లకు సీనియర్లు ముందే చెప్పి పెడతారు, ఒక జట్టులో ఒకరికే రాయి, ఇద్దరికి రాస్తే మాటలు వేరేగా రాయి, ఫలానావాళ్ల పక్కన ఫలానావాళ్లు కూర్చుంటారు అని. మార్లాకు పేర్లు తెలుసు గాని కుర్చీలు తెలియవు. టకర్ కుర్చీ వెనక్కి జరిపితే గ్రెచెన్ కుర్చీకి తగులుతుందని బఫెలోలో ఎవరు చెబుతారు?

"సారీ అండి," అంది మార్లా. ఇంతసేపూ పెదవుల మీద ఉన్న మాట అదొక్కటే. "నాకు ఇద్దరి గురించీ నిజంగానే గౌరవం ఉంది."

"ఉంటుంది, ఉంటుంది," అన్నాడు టకర్. "మా వాచ్‌మన్‌కి కూడా రాశావా? పాపం, ఆయన దారి కూడా పెద్దదే."

వరసలో ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ముందుకు తిరిగాడు. గ్రెచెన్ మూడు కాఫీలకు డబ్బిచ్చింది. పెద్దవాళ్లే ఇవ్వాలి, అది ఆనవాయితీ. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాక ఆమె తల ఓ పక్కకు వంచి, చెవి రింగు తడుముకుంటూ, అరచెయ్యి గుండె మీద పెట్టుకుంది.

"నిజం చెప్పాలంటే, మేం వెక్కిరిద్దామని పిలవలేదు మార్లా. ఈ వారం ఎలాగూ న్యూయార్క్‌లోనే ఉంటానని రాశావు కదా."

ఎలాగూ ఉండటమేమిటి? అలా రాయాలని రూలు. వాళ్ల కోసమే అంతదూరం వస్తున్నానంటే వాళ్లు ఇబ్బంది పడతారట.

"నిజం చెప్పాలంటే," అంది గ్రెచెన్ మళ్లీ, "నీ మంచికే చెప్తున్నాను. లెక్కలు ఎవరైనా చేస్తారు. మాకు కావాల్సింది నిజాయితీ. నిజం చెప్పాలంటే, పని కూడా తర్వాతే. నన్ను ఇక్కడ కట్టి పడేసింది ఏంటో తెలుసా? మనుషులు. ఇక్కడ మనుషులు..."

"మంచివాళ్లు," అంది మార్లా.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు ఒక క్షణం తర్వాత గాని తెలియలేదు. వచ్చింది వచ్చినట్టు ఇక ఆగలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీకంటే ముందు ఆరుగురు చెప్పారండి ఈ మాట. ఒకాయన ఎయిర్‌పోర్టులో నడుస్తూ చెప్పాడు, ఇలా రొప్పుతూ. ఒకామె ఏదో నములుతూ చెప్పింది." మార్లా నమిలి చూపించింది. "ఒకాయన మధ్యలో ఇంకో ఫోనెత్తి, వాడెవణ్నో అమ్మనాబూతులు తిట్టి, మళ్లీ నా లైన్లోకొచ్చి, ఎక్కడున్నాం, ఆ, ఇక్కడ మనుషులు మంచివాళ్లు అన్నాడు. మీరు గుండె మీద చెయ్యేసుకుని చెప్పారు. నేను ఒక అబద్ధం ఇద్దరికి రాశాను. నిజమే, తప్పే. మీరంతా కలిసి ఒకే అబద్ధం నాలాంటివాళ్లు ఎంతమందికి చెప్పారు? నాకైతే ఉద్యోగం లేదు, గతిలేక రాశాను. మీకేం తక్కువైందండి? ఉద్యోగం ఉంది, జీతం ఉంది, కూర్చున్న చోటికి కాఫీ వస్తుంది. చిలక పలుకులు పలకాల్సిన ఖర్మ మీకేంటి?"

టకర్ నవ్వు ఆగిపోయింది. గ్రెచెన్ చెయ్యి ఇంకా గుండె మీదే ఉంది, తీయాలో ఉంచాలో తెలియక.

"గురివిందకి తన కింద నలుపు కనపడదట," అంది మార్లా. లేచి కోటు బొత్తాలు పెట్టుకుంది. కాఫీ ముట్టుకోలేదు. తలుపు దాకా తల ఎత్తుకునే నడిచింది.

తిరుగు బస్సులో మాత్రం ఏడ్చింది. నోటి దురదకు వేసవి పోయింది, వేసవితో పాటు ఉద్యోగం పోయింది, ఇక మీద ఏం రాసినా ఆ అంతస్తులో తన పేరు చూసి నవ్వుతారు. ఇంటికొచ్చి అంతా చెబితే డోనా బల్ల మీద ఒక్క చరుపు చరిచింది.

"బాగా పెట్టావే గడ్డి. పోతే పోయింది. ఇంకోసారి ఆ ఇద్దరూ ఎదురైతే ఇలాగే నిలబడు, తల దించకు. దించాల్సింది వాళ్లు."

పది రోజులు తిరక్కుండా ఆల్డెన్ వీల్ నుంచి ఫోన్ వచ్చింది. ఇంటర్వ్యూకు రమ్మన్నారు. దారి ఖర్చులు కూడా వాళ్లే పెట్టుకుంటారట. మార్లా నమ్మలేక రెండుసార్లు పేరు చెప్పించుకుంది. తర్వాత కాసేపు వంటింట్లో అటూ ఇటూ తిరిగింది. అంటే నిజం చెబితే వినేవాడు ఒకడున్నాడన్నమాట. అన్ని నెలల తీపి మాటలు చేయలేని పని, కడుపు మండి అన్న నాలుగు మాటలు చేశాయన్నమాట. అలా అనుకోవడానికి ఎంత బాగుందో. డోనా కూడా అదే అనుకుంది. ఈసారి కోటు ఇస్త్రీ చేయించింది.

ఇంటర్వ్యూ గదిలో బల్లకు అటువైపు ముగ్గురున్నారు. మధ్యలో ఆ జట్టుకు పెద్ద, స్టాడ్లర్. యాభై దాటిన మనిషి, భారీ శరీరం, చొక్కా చేతులు మడుచుకున్నాడు. అటు టకర్. ఇటు గ్రెచెన్. గ్రెచెన్ ఆమెను చూసి చిన్నగా తలూపింది. స్టాడ్లర్ లెక్కలు అడిగాడు. ఒక కంపెనీ ఖరీదు ఎలా కడతావు, అప్పు పెరిగితే ఏం మారుతుంది, అది కాదు ఇది అయితే ఏమవుతుంది. మార్లా తడుముకోకుండా చెప్పింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. వింటున్నాడో లేదో కూడా తెలియలేదు.

తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, చేతులు పొట్ట మీద పెట్టుకున్నాడు.

"సరే. ఇక ఆ కాఫీ షాపు ముచ్చట కానీ."

"సార్?"

"మా వాళ్లందర్నీ దింపేశావట కదా. ఎయిర్‌పోర్టువాడు, నమిలేదీ. టకర్ చెప్తుంటే నాకు పొట్ట చెక్కలయింది. నువ్వు చేస్తే చూద్దామని పిలిపించాను. చెయ్యి."

మార్లాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇందుకా పిలిచింది. ఆమె కోపాన్ని టకర్ మోసుకొచ్చి, భోజనాల దగ్గర వీళ్లకు వడ్డించాడు. తిన్నవాళ్లకు రుచిగా ఉండి, ఇంకోసారి వడ్డించమంటున్నారు. ఆ రోజు ఆమె ఏమందో ఎవరికీ పట్టలేదు, ఎలా అందో పట్టింది. లేచి వెళ్లిపోవాలి. వెళ్లిపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఇంకో కాలేజీ పిల్లెవరో ఆ కుర్చీలోకి వస్తుంది, అంతే. మళ్లీ ఎవరికో మెయిల్ రాయాలి, మీరు నడిచిన దారి అంటూ.

నమిలే ఆమెను చేసింది. టకర్ బల్ల గుద్ది నవ్వాడు. ఎయిర్‌పోర్టు ఆయన్ను చేసింది. స్టాడ్లర్ భుజాలు ఊగాయి.

"గ్రెచెన్‌ని చెయ్యి," అన్నాడు ఆయన.

టకర్ ముందుకు వంగి కూర్చున్నాడు.

"పర్లేదు," అంది గ్రెచెన్. "నేనేం అనుకోను. చెయ్యి మార్లా."

మార్లా తల ఓ పక్కకు వంచింది. చెవికి రింగు లేకపోయినా రింగు తడిమింది. అరచెయ్యి గుండె మీద వేసుకుంది. "నిజం చెప్పాలంటే," అంది మెత్తగా. ఇంకేం చెప్పకుండా ఆగి, కళ్లు రెండుసార్లు ఆర్పింది. "నిజం చెప్పాలంటే, నిజం చెప్పాలంటే..." అంది. సరిగ్గా గ్రెచెన్ దిగిపోయింది. అద్దంలో చూసుకున్నా అంత బాగా ఉండదు. కాఫీ షాపులో చేసినప్పుడు అందులో కడుపు మంట ఉంది. ఇప్పుడు పనితనం మాత్రమే ఉంది, అందుకే ఇంకా బాగా కుదిరింది.

స్టాడ్లర్ కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. టకర్ గ్రెచెన్ వైపు వేలు చూపిస్తూ నవ్వుతున్నాడు. గ్రెచెన్ కూడా నవ్వింది, అందరికంటే కాస్త గట్టిగా. ఆమె చెవులు ఎర్రగా కందిపోయాయి. తర్వాత ముందున్న కాగితాల్లో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకుంది. ఆ వంచిన మెడను మార్లా చూసింది. కాఫీ షాపులో తన చెవులు ఎలా కాలాయో గుర్తుకొచ్చింది.

"ఆఖరి ప్రశ్న," అన్నాడు స్టాడ్లర్, ఇంకా నవ్వు దిగమింగుకుంటూ. "ఇన్ని బ్యాంకులుండగా మా దగ్గరికే ఎందుకు రావాలనుకుంటున్నావ్?"

ఇది కూడా ఆటలో భాగమేమోనని మార్లా ఆయన మొహం చూసింది. కాదు. పెన్ను పట్టుకుని, కాగితం ముందుకు లాక్కుని, జవాబు కోసం చూస్తున్నాడు. నిజంగానే అడుగుతున్నాడు. ఇంతసేపూ దేన్ని చూసి నవ్వాడో, దాన్నే అడుగుతున్నాడు.

"మనుషులు సార్," అంది మార్లా. "ఇక్కడ మనుషులు మంచివాళ్లు."

ఎవరూ నవ్వలేదు. టకర్ కూడా నవ్వలేదు. స్టాడ్లర్ తలూపి, రాసుకుని, లేచి చెయ్యి చాపాడు.

"అది మాత్రం నిజం. వేసవిలో కలుద్దాం."

మార్లా ఆ చెయ్యి పట్టుకుంది. అన్ని నెలలు దేనికోసం ఊళ్లోవాళ్లందరి గుమ్మాల ముందూ నిలబడిందో అది దొరికింది. ఒళ్లు మండిపోతోంది. స్టాడ్లర్ మీద మండుతోంది, టకర్ మీద మండుతోంది. వాళ్ల కంటే ఎక్కువగా, చక్కగా కుదిరిందని ఒక్క క్షణం మురిసిపోయిన తన మీద మండుతోంది.

కిందికి దిగబెట్టడానికి గ్రెచెన్ వచ్చింది. లిఫ్ట్‌లో ఇద్దరే ఉన్నారు. గ్రెచెన్ తలుపు మీద మారుతున్న అంకెలనే చూస్తోంది.

"నేనూ రాశాను అలాంటి మెయిళ్లు," అంది కాసేపటికి. "ఒకే మెయిల్, ఇక్కడే పది మందికి. నేనూ మీ కాలేజీ లాంటి దాన్నుంచే వచ్చాను. కాకపోతే నేను రాసినవాళ్లు వేరే వేరే అంతస్తుల్లో కూర్చునేవాళ్లు. బతికిపోయాను."

"మరి ఆ రోజు ఎందుకు నవ్వారండి?"

"టకర్ నవ్వుతున్నాడు కదా. వాడి పక్కన కూర్చుని నేనొక్కదాన్నే నవ్వకుండా ఉండమంటావా?" ఆమె మొదటిసారి మార్లా మొహంలోకి చూసింది. "నువ్వు ఇవాళ ఎందుకు చేశావు?"

మార్లా దగ్గర జవాబు ఉంది. గ్రెచెన్ దగ్గరా అదే జవాబు ఉంది గనక చెప్పాల్సిన పని లేకపోయింది. లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. "వేసవిలో కలుద్దాం," అంది గ్రెచెన్. చెవి రింగు వైపు లేచిన చెయ్యి సగంలో ఆగి, కిందికి దిగిపోయింది.

వీధిలోకి వచ్చి మార్లా ఇంటికి ఫోన్ చేసింది. స్కూళ్లు వదిలే వేళకు ఇంకా టైముంది, డోనా బస్సు షెడ్డులో ఉంటుంది. ఒక్క మోతకే ఎత్తింది.

"ఏమైందే?"

"ఇచ్చారమ్మా. వేసవికి రమ్మన్నారు."

అటువైపు డోనా గట్టిగా ఊపిరి వదిలింది. వెనకెవరికో, మా పిల్లకి వచ్చిందంట అని చెబుతోంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఆ ఇద్దరూ ఉన్నారా అక్కడ? ఆ నవ్వినవాళ్లు?"

"ఉన్నారు."

"తల దించావా?"

"లేదమ్మా," అంది మార్లా. "ఆమె దించింది."

"అద్దీ," అంది డోనా, నవ్వడం మొదలుపెట్టింది. కష్టపడి పెంచిన మనిషి, ఎన్నాళ్ల నుంచో దాచుకున్న నవ్వు, షెడ్డంతా వినపడేలా నవ్వింది. మార్లా ఫోన్ చెవికి కాస్త దూరంగా పెట్టుకుని, ఆ నవ్వు ఆగేదాకా వీధిలో అలాగే నిలబడింది.